పరారీ

తార్నాక. పాత కాయితాల ఆఫీసు.
ఫ్యాను తిరుగుతుంటే ప్రతి పేజీ మీద ఇనుప బిళ్ల పెట్టాలె,
లేకుంటే పొట్టులెక్క లేస్తయి.
నాకు ఉర్దూ రాదు.
రిఫత్ జహాన్ మేడం కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి
కుడి నుంచి ఎడమకు చదువుతది,
నేను ఎడమ నుంచి కుడికి రాసుకుంట.
నడుమ ఎక్కడనో మా ఇద్దరి వేళ్లు ఒకరి మీదికొకరు వస్తయి.

పదమూడువందల యాభై ఎనిమిది ఫస్లీ.
తాలూకా పేరు చెదలు తిన్నది.
రాజు పోయి అప్పటికి ఆర్నెల్లు.
రిజిస్టరు మాత్రం పోలే,
అవే గీతలు, అదే సిరా,
ముద్దాయిల ఖానాల అవే ఊర్లు.

"నలభై రెండో నంబరు. ఈద్ అమ్మా."
మేడం ఆగి నవ్వింది.
"పండుగ తల్లి? మీ నాయనమ్మ ముసల్మానా?"
కాదు మేడం. ఈదమ్మ. మాదిగ ఈదమ్మ.
మా పొలిమేర దేవత పేరు.
రాసిన మొహరిర్‌కు ఐన్ అక్షరం మీద ప్రేమేమో,
పొలిమేర మీది తల్లిని నెలవంక కిందికి తెచ్చిండు.

గుడిసెల దొరికిన సామాను:
గొంగడి ఒకటి, చిరిగినది.
కొడవలి ఒకటి, పిడి లేదు.
సంఘం చిట్టీలు పదకొండు.
కారంపొడి, అరసేరు.
గొంగడి బట్టల ఖానాల ఉన్నది.
కారం మాత్రం ఆయుధాల ఖానాల.

నేను ఉప్పల్ రిజిస్ట్రారాఫీసు ముందట
బల్లేసుకొని దస్తావేజులు రాసేటోణ్ణి.
గజానికి ఎంత పలుకుతదో నిద్రల లేపి అడిగినా చెప్త.
సంఘం ఆమెకు పంచిన రెండెకరాలకే
దస్తావేజు లేదు.
దొర బంజరుల పలుపుతాళ్లు ముడేసి కొలిచిండ్రట.
తూర్పు, తుమ్మలు. పడమర, వాగు.
ఉత్తరం, గుట్ట.
దక్షిణం, ఇంకెవరివో రెండెకరాలు.
అంత మంచి హద్దు నేనెన్నడూ రాయలే.

ఒక్క వానకాలం దున్నింది. నువ్వులేసింది.
కోసి కట్టలు నిలబెట్టినంక మిలట్రీ లారీలొచ్చినయి,
ఎనక లారీల దొర.
ఊరిడిసినప్పుడు రూమీ టోపీ,
దిగినప్పుడు ఖద్దరు టోపీ.
నువ్వులు దులిపింది ఎవరో ఆమెకు తెల్వదు.
అప్పటికే ఎడ్లబండిల గడ్డి కింద పండి
పట్నం దారి పట్టింది.

పోరాటం ఆపేసినమని కబురొచ్చిన నాడు
వారాసిగూడల ఇటుకలు మోస్తున్నది.
మేస్త్రీ పేపరు చదివి వినిపిస్తే
తట్ట దించకుండనే అడిగిందట,
"ఆపెటోళ్లు నన్నడిగిండ్రా?"

నాకు తెలిసిన నాయనమ్మ వేరే.
గూర్ఖా ఈల వినపడితే దీపం ఊదేది,
కరెంటొచ్చినంక కూడా స్విచ్చు వైపు ఊదేది.
కూరల కారం ఎక్కువైందంటే ఉలిక్కిపడేది.
మేం నవ్వేటోళ్లం.

పింఛను కోసం బాపు మూడేండ్లు తిరిగిండు.
జైలుకు పోయినట్టు కాయితం తెమ్మన్నరు.
ఆమె జైలుకు పోలే.
దొరికినోళ్లకే పింఛను,
దొరకనోళ్లకు ఏ ఖానా లేదు.

మేడం వేలు ఒక అక్షరం కాడ ఆగింది.
"దాల్ తోకను ఇట్ల లోపలికి వంచేది మా దాదా.
ఆయన కూడా మొహరిరే."
జర సేపు ఫ్యాను చప్పుడే.
"అప్పుడు అందరూ ఇట్లనే రాసేదిలే" అన్నది తర్వాత,
బిళ్ల తీసి మళ్లా అక్కడనే పెట్టుకుంట.
నేనూ అడగలే.

"నకలుల పేరు దిద్దుమంటరా?"
పేరు దిద్దే అఫిడవిట్‌కు నేను వంద తీసుకుంట.
వద్దు మేడం, ఉండనియ్యండి.
ఆ పేరుతోనే కదా ఆమెను ఎతికింది.
ఆఖరి ఖానా ఒక్కటి ఇంకోసారి చదువుండ్రి.

"హాజరు కాలేదు. పరారీ.
తలాష్ జారీ."
అంటే?
"ఎతుకుతనే ఉన్నరు అని."

నకలుకు రెండు రూపాయలు.
చిల్లర లేదన్నది, ఐదు ఇచ్చి వచ్చిన.